వరద ఫోటో

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. ఆ ఎండాకాలమంతా మా అత్త నా ప్రాణం తోడేసింది.

నేను ఆర్టీసీలో కండక్టరుని. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయే బస్సు నాది. మా ఇల్లు పుంగనూరులో. డ్యూటీ ఎక్కి, బ్యాగు భుజాన వేసుకుని, టికెట్ల మిషను సరిచూసుకుని తలెత్తితే ముందు సీట్లో అత్త ఉండేది. ఉతికిన తెల్లచీర, ఒళ్లో వైరుబుట్ట, చేతిలో ఆధార్ కార్డు. కోడలే కండక్టరైనా సరే, కార్డు చూపించందే టికెట్టు తీసుకునేది కాదు.

"యాడికి అత్తా?"

"మదనపల్లెకి. కొట్టు."

సున్నా టికెట్టు కొట్టి ఇస్తే మడిచి రవికెలో దాచుకునేది. వెనక సీట్లవాళ్లు నవ్వేవాళ్లు. నేను లోపల ఉడికిపోయేదాన్ని. ఇంట్లో అత్తను భరించడం వేరు, నిండు బస్సులో భరించడం వేరు. "రేవతీ, ఆయప్పకు సిల్లర ఇయ్యలే సూడు", "రేవతీ, ఆ బిడ్డకు తిప్పతాండాది, కిటికీ పక్కకు జరుపు" అని దారి పొడుగునా ఒకటే ఆర్డర్లు. మా డ్రైవరు మునస్వామి ఆమెను చెకింగ్ ఆఫీసరమ్మా అని పిలిచేవాడు. ఆమె ఆ పేరుకు పలికేది కూడా.

కానీ అత్త ఊరికే తిరగడం లేదు. వాళ్లమ్మను వెతుకుతోంది.

మా అత్త పేరు సమాధానమ్మ. వయసు ఎనభైకి దగ్గర పడింది. ఆమె ఇంకా సరిగ్గా మాటలు రాని వయసులో వాళ్లమ్మకు క్షయ పట్టుకుంది. ఎక్కడో పాలమూరు వైపు నుంచి, అక్కడి క్రైస్తవ మిషను దొరలు రైలెక్కించి, మదనపల్లె శానిటోరియానికి పంపించారట. ఆమె పేరు ఎల్లమ్మ. చంకలో బిడ్డ, చేతిలో రేకుపెట్టె. ఎల్లమ్మ తిరిగి పోలేదు, అక్కడే కన్నుమూసింది. బిడ్డను ఆ ఆస్పత్రి ఆయా ఒకామె తెచ్చి పెంచుకుని, చదివించి, పుంగనూరు చర్చిలో గంట కొట్టే మా మామకిచ్చి పెళ్లి చేసింది. "మాయమ్మ దగ్గు గ్యాపకముండాది రేవతీ, మొకమే లేదు" అనేది అత్త. ఆ మాట మామూలుగా అనేది, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు.

తల్లి గుర్తుగా మిగిలింది ఆ పెట్టె, పెట్టెలో ఒక ఫోటో. అరచేతిలో పట్టేంత ఫోటో. దాని నిండా నీళ్లే. గట్టు మీద జనం, నడుంలోతు నీళ్లల్లో ఒక తెల్లదొర. ఆయన ఒక చెయ్యి ఆకాశానికెత్తి ఉన్నాడు, రండి రండి అని సాయానికి పిలుస్తున్నట్టు. రెండో చేత్తో మునిగిపోతున్న ఒక ఆడమనిషిని పట్టుకుని ఉన్నాడు. "మీ ఊరికి వరదొచ్చినప్పుడు తీసినట్టుండారమ్మే" అని పెంచిన ఆయమ్మ చెప్పిందట. అప్పటి నుంచి అది వరద ఫోటో. నేను కాపురానికి వచ్చిన వారంలోనే నాకు చూపించింది. గట్టు మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఒక సన్నటి మనిషిని చూపించి, "ఇదే మాయమ్మ అయ్యుంటాది" అంది. మునిగిపోతున్న ఆమెను మాత్రం చూడలేకపోయేది. ఫోటో తీసినప్పుడల్లా అక్కడ బొటనవేలు పెట్టి మూసేది. "పాపం, ఎవురో, బతికిందో లేదో" అనేది.

ఇది ఇట్లా ఉండగా ఆమెకు ఇంకో చిక్కు ఉంది. బాప్తిస్మం.

మా చర్చిలో బిడ్డ పుడితే నెలల్లోనే అయ్యగారు నుదుటి మీద నీళ్లు చల్లి బాప్తిస్మం ఇస్తారు, పేరు రాసుకుంటారు. పెద్దయ్యాక సంస్కారం తీసుకోవాలంటే, అంటే ఆ రొట్టె, ద్రాక్షరసం చేతికి అందాలంటే, ఆ బాప్తిస్మం అయి ఉండాలి. అత్త పెళ్లై వచ్చిన కొత్తలో అప్పటి అయ్యగారు కాగితం అడిగితే ఆమె దగ్గర లేదు. పోనీ ఇప్పుడు చల్లుతాను, ఒక్క నిమిషం పని అన్నాడట ఆయన. అత్త ససేమిరా అంది.

"మాయమ్మ ఇప్పించకుండా ఉంటాదా? సచ్చిపోతానని తెలిసిన మనిషి బిడ్డ సంగతి సూడకుండా పోతాదా? ఇప్పుడు మళ్లా తీసుకుంటే, మాయమ్మ నన్ను పట్టించుకోలేదని నేనే ఊరంతా చెప్పినట్టు గదా!"

ఆ మాట మీదే ఆమె జీవితమంతా ఉండిపోయింది. సంస్కారం రోజు అందరూ లేచి ముందుకు నడుస్తుంటే ఆమె చివరి బెంచీలో కూర్చుని మా హ్యాండ్‌బ్యాగులకు కాపలా కాసేది. మామ బతిమాలి బతిమాలి పోయాడు. నాకైతే విసుగు. "నాలుగు సుక్కలు సల్లించుకుంటే పోతాది గదత్తా, ఇంత పంతం యాల?" అని చాలాసార్లే అన్నాను. అన్న రోజు నా కాఫీలో చక్కెర ఉండేది కాదు.

ఆ ఏడాది ఈస్టరు పండగనాడు ఎవరో కొత్తామె పక్కామెతో అంది, "ఆ ముసలామెకు బాప్తిస్మమే లేదంట, వాళ్లమ్మ అనాథను చేసి వదిలేసి పోయిందంట" అని. గుసగుసే, కానీ అత్త చెవులు పామువి. మర్నాడే ఆధార్ కార్డు పట్టుకుని నా బస్సెక్కింది.

---

మదనపల్లె పెద్ద చర్చిలో పాత రిజిస్టర్లు ఉన్నాయని తెలిసింది. నా వీక్లీ ఆఫ్ రోజు నేనూ వెంట పోయాను. అక్కడి అయ్యగారు కుర్రాడు, మంచివాడు. ఎండలో వచ్చారని మజ్జిగ ఇప్పించి, పసుపుపచ్చగా మారిన పేజీలు మెల్లగా తిప్పాడు. శానిటోరియంలో పుట్టిన బిడ్డలు, చేరిన బిడ్డలు, అందరి బాప్తిస్మాలూ అందులో ఉన్నాయి.

"లేదమ్మా."

"ఇంగోసారి సూడప్పా. సమాధానం. ఎల్లమ్మ కూతురు."

ఆయన మళ్లీ మొదటి నుంచి చూశాడు. ముందు ఏడాదీ, తర్వాత ఏడాదీ కూడా చూశాడు.

"పేజీలు అంటుకోని ఉండాయేమో?"

ఏ పేజీ అంటుకుని లేదు. ఆయన ఆ మాట అనకుండా, అత్త తృప్తి కోసం ఒక్కో పేజీ ఎత్తి వెలుతురుకు పెట్టి చూపించాడు.

తిరుగు బస్సులో నేనూ ప్యాసింజరునే. టమాటా లారీలు బారులు తీరి బస్సు కదలడం లేదు. అత్త కిటికీలోంచి లారీలనే చూస్తోంది. కండక్టరు వచ్చి అడిగినా కార్డు తీయలేదు. నేనే బుట్టలో వెతికి చూపించాను.

"రేవతీ," అంది చాలాసేపటికి, "మాయమ్మ మర్సిపోయినట్టుండాది."

నాకు ఏడుపొచ్చింది. అరిచే అత్తతో వేగడం నాకు తెలుసు. ఈ అత్తతో ఏం చేయాలో తెలియలేదు. ఆమె చెయ్యి పట్టుకుందామనుకుని, సిగ్గేసి, ఆమె ఒళ్లోని బుట్ట పట్టుకున్నాను.

ఆ రాత్రి అన్నాలయ్యాక టానిక్ పోసిస్తే తాగింది. ఆమె టానిక్ తాగడం ఒక తమాషా. ఎడమచేత్తో ముక్కు గట్టిగా మూసుకుంటుంది, చిటికెనవేలు మాత్రం కొమ్ములా పైకి లేచి ఉంటుంది. మా అమ్మాయి హరిత దాన్ని ఎప్పుడూ వెక్కిరిస్తుంది. ఆ రోజు వెక్కిరించడానికి హరిత లేదు, కుప్పంలో నర్సింగు హాస్టల్లో ఉంది.

---

రిజిస్టరులో పేరు ఎట్లాగూ దొరకలేదు, కనీసం మొహమైనా గోడ మీద పెడదామని అనుకున్నాను. ఫోటో తీసుకుని అత్తను పుంగనూరు బజారులో అఫ్సానా స్టూడియోకి తీసుకుపోయాను. మా పెళ్లి ఫోటోలు వాళ్ల నాయన ఇమాముద్దీన్ తీసినవే. ఇప్పుడు కూతురు కంప్యూటరు పెట్టి నడుపుతోంది.

అఫ్సానా ఫోటోను కంప్యూటరులోకి ఎక్కించి పెద్దది చేసింది. గట్టు మీది సన్నటి మనిషి తెర నిండా వచ్చింది, కానీ కళ్లూ ముక్కూ ఏమీ లేవు, తెల్లగా ఒక మరక.

"ఈమె కదిలిపోయిందమ్మా. ఎంత చేసినా మొహం రాదు. ఈ నీళ్లల్లో ఉండే ఆమెది మాత్రం సాఫుగా ఉండాది, సూడండి."

"ఆమె వద్దమ్మా," అని అత్త తల తిప్పుకుంది. "మునిగిపోయే మనిషిని ఏం సూస్తాం."

మొత్తం ఫోటోనే నోటుబుక్కంత ప్రింటు తీసిచ్చింది అఫ్సానా. డబ్బులు తీసుకోమంటే, "తల్లి ఫోటోకు యాడన్నా తీసుకుంటారా?" అని కసిరింది. దాన్ని అత్త బుట్టలో, చుట్టూ పాత చీరముక్క చుట్టి పెట్టుకుంది. ఇంట్లో గోడకు పెట్టనివ్వలేదు. మొహంలేని మనిషిని గోడకు పెట్టి దండం పెట్టుకోమంటావా అంది.

ఆ తర్వాత శానిటోరియం వాళ్లను అడిగింది. అక్కడ పాత కాగితాలు చూసే ఒకావిడ వాళ్లమ్మ పేరు రాసుకుని, దొరికితే ఫోను చేస్తానంది. చేసింది కూడా. ఎల్లమ్మ పేరు మీద ఒక చీటీ దొరికింది. భర్త లేడు, ఒక ఆడబిడ్డ, పంపినవారు మెనోనైట్ మిషను. అంతే ఉంది.

"మెనోనైటా?" అన్నాడు దిలీప్, మా ఆయన. టమాటా లారీ తోలి వచ్చి సంగటిముద్ద ముందు కూర్చున్నాడు. "గ్రానైట్ మాదిరి ఏదన్నా కంపెనీనా?"

"నీకు రాళ్లు, టమాటాలు తప్ప ఏం తెలుసు," అని హరితకు ఫోను చేశాను. అది ఫోనులో వెతికి చెప్పింది. అదొక క్రైస్తవ సంఘమట, మన మాదిరే బైబిలు చదువుతారట, కత్తి పట్టరట, యుద్ధాలకు పోరట, వందల ఏళ్ల కిందట జర్మనీ వైపు మొదలై, రష్యా, అమెరికా తిరిగి పాలమూరు దాకా వచ్చారట.

"అయితే మా జేజి రష్యా ఆమెనా?" అన్నాడు దిలీప్.

"మీ జేజి ఎల్లమ్మరా," అంది అత్త. "రష్యా పోయుంటే ఎల్లమ్మ అని యాల ఉంటాది పేరు?" ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదటిసారి. దిలీప్ ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.

హరిత ఇంకో మాట చెప్పింది. వాళ్ల హాస్టల్లో ఇందు అని గద్వాల వైపు పిల్ల ఒకతి ఉందనీ, వాళ్లది ఆ సంఘమే అన్నట్టు గుర్తనీ. అత్త ఫోను నా చేతిలోంచి లాక్కుంది.

"రేపు మీయమ్మ బస్సులో వస్తాండా. ఆ బిడ్డను బస్టాండుకి పిల్సుకోని రా."

---

కుప్పం బస్టాండులో మా బస్సు మధ్యాహ్నం కాసేపు ఆగుతుంది. ప్యాసింజర్లు దిగిపోయాక సీట్ల మధ్య క్యారియరు విప్పుకుని తినడం నాకూ మునస్వామికీ అలవాటు. ఆ రోజు అత్త సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, మామిడికాయ పప్పు తెచ్చింది. హరిత, ఇందు వచ్చారు. ఇందు సన్నగా, కళ్లజోడు పెట్టుకుని, మాట మాత్రం గట్టిగా ఉండే పిల్ల. హాస్టలు తిండి తినీ తినీ విసిగినట్టుంది, మొహమాటం లేకుండా తింది. అది చూసే అత్తకు నచ్చేసింది.

చేతులు కడుక్కున్నాక అత్త చీరముక్క విప్పి ఫోటో తీసింది. బొటనవేలు ఎప్పటి చోటే ఉంది.

"ఇది మా ఊరి వరదమ్మా. మీ పక్కనే అయ్యుంటాది. యా ఊరో ఏమన్నా తెలుస్తాదా సూడు."

ఇందు ఫోటో వైపు చూసి, అత్త వైపు చూసి, కళ్లజోడు పైకి తోసుకుంది.

"వరదనా? ఎవరు చెప్పిన్రు అమ్మమ్మా? ఇది బాప్తిస్మం ఫోటో. మా తాతది అచ్చం గిట్లనే ఉంటది మా ఇంట్ల."

"బాప్తిస్మమా? ఇన్ని నీళ్లల్లోనా?"

"మేం చల్లం గదా. వాగులనో చెరువులనో దిగి మొత్తం ముంచి లేపుతరు. సూడున్రి, పాస్టరు దొర గిట్ల చెయ్యి లేపి ప్రార్థన చేస్తున్నడు. గట్టు మీద వాళ్లు పాటలు పాడుతున్నరు."

"మరి ఈ మునిగిపోయే ఆమె?" అత్త గొంతు చాలా చిన్నగా ఉంది.

"మునిగిపోతలేదమ్మమ్మా, లేస్తున్నది. ఎవరి బాప్తిస్మం ఫోటో వాళ్లకు ఇచ్చుంటరు, మా తాతకు ఇచ్చినట్ల. మీ అమ్మ పెట్టెల దొరికిందంటే, ఆ నీళ్లల్ల ఉన్నామెనే మీ అమ్మ కావొచ్చు. వేలు తీయున్రి, సూద్దాం."

అత్త వేలు తీయలేదు. నేనే మెల్లగా జరిపాను. ఇన్నేళ్ల కాపురంలో ఆమె వేలు పట్టుకోవడం నాకు కొత్త.

నీళ్లు కారుతున్న జుట్టు. మూసుకున్న కళ్లు. సగం తెరిచిన నోరు, అది కేక కాదు, ఊపిరందక నవ్వుతున్న నోరు. ఎడమచెయ్యి ముక్కును గట్టిగా పట్టుకుని ఉంది. చిటికెనవేలు పైకి లేచి ఉంది.

నేను రోజూ వందల మొహాలు చూసేదాన్ని. ఏ సీట్లో తల్లీకూతుళ్లు ఉన్నారో టికెట్టు అడగక ముందే చెప్పగలను. మొహాలతో పని లేదు, బుట్ట పట్టుకునే తీరు చాలు. అయినా నాకంటే ముందు హరితే అరిచింది, "జేజీ, నీ టానిక్ వేలు!"

అత్త ఫోటో చూసింది. తన ఎడమచెయ్యి తిప్పి చూసుకుంది. మళ్లీ ఫోటో చూసింది. ఏడుస్తుందేమోనని నేను నీళ్ల బాటిలు తీశాను. ఆమె ఏడవలేదు.

"అయితే మాయమ్మ బాగా తీసుకునిందే," అంది ఇందుతో. "నాకు యాల ఇప్పించలే మరి?"

"మీకు ఎట్ల ఇస్తరు? అప్పుడు చంటిపిల్ల గదా మీరు. మా దగ్గర చిన్నపిల్లలకు ఇయ్యరు. పిల్ల పెద్దగయి, అన్నీ తెలిసి, తానే నోరు తెరిచి నాకు గావాలె అని అడగాలె. అప్పుడే ఇస్తరు."

"బిడ్డే అడగల్లా?"

"ఆ."

"తల్లి అడిగితే?"

"తల్లి అడిగితే ఇయ్యరు. తల్లి ఊకె ఎదురుచూస్తది, ఎప్పుడు అడుగుతదా అని."

మునస్వామి హారను కొట్టాడు. టైమైపోయింది. పిల్లలు దిగిపోయారు, జనం ఎక్కారు, నేను లేచి టికెట్లు కొట్టడం మొదలుపెట్టాను. అత్త ఎప్పట్లాగే కార్డు చాచింది.

"పుంగనూరుకి కొట్టు."

కొట్టాను. శాంతిపురం దాటింది, వి.కోట దాటింది. నేను వెనక నుంచి ముందుకు వచ్చి నిలబడ్డప్పుడు నా చీరకొంగు పట్టుకుని లాగింది.

"రేవతీ. మాయమ్మ మర్సిపోలేదంట."

"అవునత్తా."

"నేను అడగతానని కాసుకోనుండాది. నేనే ఇన్ని రోజులు ఎగ్గొట్టినా."

బస్సు నిండా జనం. నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుని, పలమనేరు పలమనేరు అని అరిచాను.

---

ఇంటికి వచ్చి చెప్పులు విప్పకముందే కొడుకుతో చెప్పేసింది. తనకు బాప్తిస్మం కావాలనీ, వాళ్లమ్మ ఎట్లా తీసుకుందో అట్లాగే కావాలనీ.

దిలీప్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఇప్పుడా? ఈ వయసులో నీళ్లల్లో ముంచితే నీకేమన్నా అయితే? నాయన ఎన్నిసార్లు బతిమాలినాడు, అప్పుడు ఇనలేదే! సల్లించుకో, సాలు. ఊరోళ్లు నవ్వతారు."

"ఊరోళ్లు నా చివరి బెంచీని సూసి ఇన్నాళ్లు నవ్వలేదా?"

"అమ్మా, సలి జొరమొచ్చి నిమోనియా పట్టుకుంటే యాడికి పోయేది?"

"ఆమె అడగతాండాది గదా," అన్నాను నేను. "అడిగినప్పుడు ఇయ్యల్ల. పద్ధతే అది."

కాపురానికి వచ్చినప్పటి నుంచి నేను అత్త పక్షాన మాట్లాడడం అదే మొదలు. దిలీప్ అలిగి, తినకుండా పడుకున్నాడు. అత్త కొడుక్కి వినపడేట్టు, ఇంకో చేపముక్క తిను రేవతీ అంటూ నాకు వేసింది.

మా పుంగనూరు అయ్యగారు విని ముందు నవ్వాడు, తర్వాత గడ్డం గోక్కున్నాడు. "మనది సల్లే పద్ధతి సమాధానమ్మగారూ. అయినా ముంచకూడదని యాడా లేదు. కానీ నేనెప్పుడూ ముంచలేదే. మీరు జారితే?"

"నేను జారితే మీరు పట్టుకోండి. మీరు జారితే నేను పట్టుకుంటా," అంది అత్త. ఆయన ఒప్పుకోక ఏం చేస్తాడు.

ఇక మిగిలింది నీళ్లు. మే నెలలో మా చెరువులో గొర్రెలు మేస్తున్నాయి. చర్చిలో ప్లాస్టిక్ డ్రమ్ము పెడదామని ఎవరో అన్నారు. "నేనేమన్నా ఊరగాయనా?" అంది అత్త. వానలు పడేదాకా ఆగుదామన్నాను. కానీ ఆ పూట ఆమె మెట్లెక్కుతుంటే మోకాళ్ల చప్పుడు నాకు వినిపించింది.

రెండు మూడు రోజుల తర్వాత దిలీప్ లారీ దిగి వచ్చి, నా వైపు గానీ వాళ్లమ్మ వైపు గానీ చూడకుండా గోడతో చెప్పినట్టు చెప్పాడు. "రామసముద్రంలో గంగులప్ప మామ తోటలో నీళ్ల గుంట ఉండాది. టమాటాలకు డ్రిప్పు కోసం తవ్వించినాడు. బోరు నీళ్లు, శుభ్రంగా ఉండాయి. అడిగినా. పుణ్యమే గదా తీసుకురా అన్నాడు. సేపపిల్లలు ఇడిసినాడంట, వాటిని తొక్కద్దని చెప్పినాడు."

అత్త లేచి పోయి కొడుకు కంచంలో నెయ్యి వేసింది.

---

ఆదివారం పొద్దున లారీ ముందు క్యాబిన్‌లో అత్త, నేను, వెనక ఖాళీ టమాటా పెట్టెల మీద అయ్యగారు, హరిత, ఇందు, కెమెరాతో అఫ్సానా. నేను చెప్పకుండానే అఫ్సానా వచ్చేసింది. ఫోటో తీయకుంటే మళ్లీ ఎవరో వరద అనో భూకంపం అనో చెప్తారంది.

గుంట చుట్టూ టమాటా తోట. లోపల నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది, కాలు పెడితే జారుతుంది. గంగులప్ప తాడు కట్టి ఉంచాడు. ఆయన పెళ్లాం పసుపూ కుంకుమా పెట్టి వాకిట్లో ముగ్గేసింది. మేము అవి పెట్టుకోమని ఆమెకు తెలీదు, తెలిసినా వేసేదే. దిలీప్ లుంగీ ఎగ్గట్టి అందరికంటే ముందు దిగి అడుగున నిలబడ్డాడు. అయ్యగారు ప్యాంటు మడిచి, పెదాలు కదిలిస్తూ దిగాడు, ఆ ప్రార్థన అత్త కోసమో ఆయన కోసమో తెలీదు. అత్త తెల్లచీరలో తాడు పట్టుకుని ఒక్కో అడుగే వేసింది. ఇందు గట్టు మీద నుంచి పాట ఎత్తుకుంది. ఆ పాట మా చర్చిలో లేదు, మాకెవరికీ రాదు. మేము చప్పట్లు మాత్రం కొట్టాం.

"ఎందుకు తీసుకుంటుండారో చెప్పండమ్మా," అన్నాడు అయ్యగారు. అది కూడా వాళ్ల పద్ధతేనని ఇందు ఆయనకు ముందే నేర్పింది.

అత్త నడుంలోతు నీళ్లల్లో నిలబడి మా అందరినీ చూసింది.

"నాకు పెద్దగా తెలీదయ్యగారూ. మాయమ్మ నన్ను వదిలేసి పోయిందనిరి. వదల్లేదు. నేను పెద్దయి అడగల్లని పెట్టి పోయింది. నేను అడిగేటప్పటికి ఇంత పొద్దయింది. దేవుడు ఉండాడు, మాయమ్మ కూడా సూస్తాంటాది. నాకు కావల్ల. ఇయ్యండి."

అయ్యగారు ఒక చెయ్యి పైకెత్తాడు. రెండో చెయ్యి ఆమె వీపు వెనక పెట్టాడు. అత్త ఎడమచేత్తో ముక్కు పట్టుకుంది. ఆ వేలు లేచింది.

మునిగింది. నీళ్లు కలిసిపోయాయి. ఒక్క క్షణం అక్కడ ఎవరూ లేరు. దిలీప్ "అమ్మా" అని ముందుకు ఉరికి, జారి, తనే మునిగాడు. అదే సమయానికి అత్త పైకి లేచింది. నోరు తెరిచి, ఊపిరి పీల్చుకుని, దగ్గి, పక్కన తడిసి ముద్దయిన కొడుకును చూసి పగలబడి నవ్వింది. అంత నవ్వు ఆమెలో ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. నేను చెప్పులతోనే నీళ్లలోకి దిగి ఆమెను వాటేసుకున్నాను. నాకు అప్పుడు ఏ సిగ్గూ కలగలేదు.

ఆ పై ఆదివారం సంస్కారం. అత్త లేచి ఖాళీ చేతులు చాపుకుంటూ ముందుకు నడిచింది. నేను వెనకే నడిచాను. మా బ్యాగులు చివరి బెంచీలో వాటి పాటికి అవి ఉన్నాయి.

వానలు మొదలయ్యాక అఫ్సానా ఫోటో తెచ్చిచ్చింది, పాతదంత సైజులోనే. రెండింటినీ అత్త మంచం మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పిలిచింది.

"పెన్ను తే. దీని వెనకాల రాయి. లేకుంటే రేపు హరిత బిడ్డలు నేను సేపలగుంటలో పడిపోయినాననుకుంటారు."

"ఏం రాయమంటావత్తా?"

ఆలోచించింది. "ఎల్లమ్మ కూతురు సమాధానమ్మ. తానే అడిగింది. అంతే."

రాశాను. ఆమె పాత ఫోటో కూడా బోర్లా తిప్పి నా ముందుకు జరిపింది. ఇన్నేళ్లూ దాని వెనక ఏమీ లేదు. పెన్ను పట్టుకుని ఆమె మొహం చూశాను.

"ఎల్లమ్మ అని రాయి," అంది అత్త. "మునిగిపోలేదు, అని రాయి."